ఫ్రాన్సులో ఇంగ్లిష్ అసిస్టెంటుగా మొదటి నెలలు: ముందు ఏది చూసుకోవాలి?

ప్రశ్న: ఫ్రాన్సు ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ అసిస్టెంటుగా ఎంపికయ్యాను. క్లెర్మాఁ-ఫెరాఁ అకాడమీలో (అంటే అక్కడి విద్యాశాఖ ప్రాంతంలో) ఒక చిన్న ఊరు. రెండు కొలేజ్‌లు, ఒక లీసే (పెద్ద క్లాసుల బడి) అని లెటర్లో ఉంది. సెప్టెంబరు చివరి వారంలో ప్రయాణం. ఫ్రెంచ్ బీ1 (మధ్యస్థాయి) దాకా చదివాను, క్లాసులో పాఠం చెప్పిన అనుభవం లేదు. ఇల్లు ఇంకా దొరకలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. మొదటి ఒకటి రెండు నెలలు ఎలా ఉంటాయి, ముందు ఏది చూసుకోవాలి?

జవాబు:

నేనూ అదే అకాడమీలో ఇంకో చిన్న ఊళ్లో ఏడు నెలలు చేశాను. తర్వాత మాస్టర్స్ కూడా ఆ దేశంలోనే చదివాను. ఇప్పటికీ ఏటా వెళ్లేవాళ్లు ఒకరిద్దరు ఫోన్ చేస్తుంటారు. అందరూ మొదట అడిగేది పాఠం ఎలా చెప్పాలని. మీ పని వారానికి 12 గంటలు, అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా. ఆ 12 గంటల సంగతి మూడో వారానికల్లా దానంతటదే దారిలో పడుతుంది. నన్ను ఏడిపించింది మిగిలిన 156 గంటలు. అందుకే ముందు వాటి గురించే చెప్తాను, క్లాసు సంగతి తర్వాత.

అడగందే అమ్మైనా పెట్టదంటాం కదా, ఫ్రాన్సు మొత్తం ఆ సామెత మీదే నడుస్తుంది. మన దగ్గర కొత్తగా ఎవరైనా వస్తే ఎక్కడ దిగావు, తిన్నావా, అద్దె ఎంత, అమ్మానాన్న ఏం చేస్తారు అని గంటలో అన్నీ అడిగేస్తారు. అక్కడ అడగరు. అడిగితే మీ సొంత విషయాల్లో తలదూర్చినట్టని వాళ్ల లెక్క. నాకది తెలియక, మూడు వారాల పాటు ఈ బళ్లో నేనంటే ఎవరికీ ఇష్టం లేదనే అనుకున్నాను. ఒకరోజు జెరాక్స్ మెషిన్ దగ్గర వరుసలో నిలబడి, నా ముందున్న లెక్కల టీచరుతో ఏదో మాట కలపాలని, ఇంకా గది దొరకలేదండీ అన్నాను. ఆవిడ చేతిలో కాయితాలు పక్కన పెట్టేసి, "అయ్యో, ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది. సాయంత్రానికి నా ఫోన్లో మూడు నంబర్లు. వాటిలో ఒకటి ఆవిడ అత్తగారిది. మిగతా ఆరు నెలలూ నేనున్నది ఆ అత్తగారి మేడ మీది గదిలోనే.

కాబట్టి ఇల్లు దొరకలేదని ఇక్కడి నుంచే కంగారుపడి ఎవరికీ డబ్బు పంపకండి. "ఓనరు వేరే దేశంలో ఉన్నాడు, అడ్వాన్సు పంపితే తాళాలు పోస్టులో వస్తాయి" అన్న మెయిల్ వస్తే అది మోసమే, అందులో రెండో ఆలోచన లేదు. గది కళ్లతో చూశాకే డబ్బు. మొదటి కొన్ని రాత్రులకు ఎక్కడైనా చోటుందా అని లీసేకు రాయండి. చాలా లీసేల్లో పిల్లల హాస్టల్ ఉంటుంది, దాన్ని అంతెర్నా అంటారు. ఖాళీ గది ఉంటే అసిస్టెంటుకు ఇవ్వడం మామూలే. దీని గురించి అడగాల్సింది ఇంగ్లిష్ టీచర్ని కాదు, జెస్తియొనేర్ అనే ఉద్యోగిని. బడి డబ్బు, భవనాలు అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. నాకు పదకొండు రాత్రులు అలాగే గడిచాయి. ఒక్క చిక్కు: శుక్రవారం సాయంత్రం పిల్లలు ఇళ్లకు వెళ్లిపోగానే హాస్టల్‌కు తాళం పడుతుంది. ఆ రెండు రాత్రులకు వేరే చోటు చూసుకోవాలి.

అద్దె ఇళ్లకు లెబోంక్వాఁ (leboncoin) అనే సైటు చూస్తారు. నలుగురు కలిసి ఉండే ఇళ్లను కొలొకాసియోఁ అంటారు, చిన్న జీతానికి అవే నయం. ఇంకోటి, ఉద్యోగంలో చేరిన కుర్రకారు కోసం ఫొయే దె జన్ త్రవాయ్యర్ అనే హాస్టళ్లుంటాయి. మీ ఊళ్లో ఉందేమో చూడండి. అద్దెకిచ్చేవాళ్లు గారాంట్ ఎవరని అడుగుతారు, అంటే మీరు కట్టకపోతే కట్టే పూచీదారు. ఫ్రాన్సులో మనకెవరున్నారని దిగులుపడకండి. విజాల్ అనే ఉచిత పూచీ పథకం ఉంది, 18 నుంచి 30 ఏళ్ల వాళ్లు ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ఒప్పందం మీద సంతకం చేయక ముందే తీసుకోవాలి, తర్వాత కుదరదు. గదిలోకి దిగే రోజు ఎతా దె లియ్యూ అని ఒక కాయితం రాస్తారు: గోడ మీద గీత, పగిలిన టైలు, అన్నీ. మొహమాటపడకుండా ప్రతి మరకా రాయించండి, ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ఏప్రిల్లో మీ డిపాజిట్ వెనక్కి వచ్చేది ఆ కాయితం చూసే.

ఇక ఇల్లు, బ్యాంకు, జీతం. ఈ మూడూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటాయి. జీతం పడాలంటే రీబ్ కావాలి. రీబ్ అంటే మీ బ్యాంకు ఖాతా వివరాల కాయితం, ఆ దేశంలో దాన్ని అడగని ఆఫీసు ఉండదు. ఖాతా తెరవాలంటే అడ్రసు రుజువు కావాలి. అడ్రసు కావాలంటే ఇల్లు కావాలి. ఇంటి ఓనరేమో జీతం కాయితం, రీబ్ చూపించమంటాడు. ఈ గుండ్రాన్ని ఒకచోట తెంపాలి. మీకు చోటిచ్చినవాళ్లు, అది లీసే కావచ్చు, ఎవరైనా టీచరు కావచ్చు, "ఈమె మా దగ్గర ఉంటోంది" అని ఒక ఉత్తరం రాసి, తమ ఐడీ కాపీ, కరెంటు బిల్లు జత చేస్తే అదే అడ్రసు రుజువు. ఎబెర్జ్‌మాఁ ఉత్తరం అంటే అందరికీ తెలుసు. దాంతో ఖాతా తెరుచుకోవచ్చు. ఒక బ్యాంకు కుదరదంటే పక్క బ్యాంకుకు వెళ్లండి. ఎవరూ ఇవ్వకపోతే, నిరాకరించినట్టు కాయితం తీసుకుని ఆ దేశపు కేంద్ర బ్యాంకు బాంక్ ద ఫ్రాన్సుకు పంపితే వాళ్లే ఒక బ్యాంకును చూపిస్తారు, అది చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ యాప్ బ్యాంకులతో సరిపెట్టుకోవాలనుకుంటే, ఐబాన్ (అక్కడి ఖాతా నంబరు) ఎఫ్ఆర్‌తో మొదలవుతుందో లేదో చూడండి. యూరప్‌లో వేరే దేశం నంబరైనా కాదనకూడదన్నది రూలు, కానీ కౌంటర్ దగ్గర రూలు చదివి వినిపించే ఓపిక మీకు మొదటి వారంలో ఉండదు.

బళ్లో అడుగుపెట్టిన రోజే సెక్రటరీ దగ్గర పీవీ దాన్స్తలాసియోఁ మీద సంతకం చేయాలి. "ఫలానా రోజు పనిలో చేరింది" అన్న కాయితం అది. ఎవరూ పిలవకపోతే మీరే వెళ్లి అడగండి. అది పైకి వెళ్తేనే జీతం కదులుతుంది. నా విషయంలో ఆ కాయితం ఒక ఆఫీసులో ఎవరి ట్రేలోనో రెండు వారాలు పడుకుంది. అక్టోబరు జీతం నవంబరు జీతంతో కలిపి వచ్చింది. అందరికీ అలా అవుతుందని కాదు, కానీ అవుతుందనుకునే బయల్దేరండి. నెలకు చేతికి వచ్చేది 800 యూరోలకు కాస్త అటూ ఇటూ. నా మట్టుకు నేను, చేతిలో 2,000 యూరోలైనా లేకుండా విమానం ఎక్కొద్దంటాను. మొదటి నెల అద్దె, డిపాజిట్, తిండి, బస్సు పాసు కలిపి దాదాపు అంత అవుతుంది.

కాఫ్ అనే సంస్థ అద్దెలో కొంత సాయం చేస్తుంది. ఇంట్లో చేరిన నెలకు ఇవ్వరు, తర్వాతి నెల నుంచి లెక్క. అందుకే సెప్టెంబరు 30న తాళాలు తీసుకున్నవాళ్లకు, అక్టోబరు 2న తీసుకున్నవాళ్లకు ఒక నెల తేడా పడుతుంది. ఇంట్లో దిగిన వారంలోనే దరఖాస్తు పెట్టేయండి, పాత నెలలకు వెనక్కి లెక్కగట్టి ఇవ్వరు.

వీసా సంగతి ఒక్క ముక్కలో: అక్కడికి చేరిన 3 నెలల్లోపు దాన్ని ఆన్‌లైన్లో వాలిడేట్ చేయాలి. మరిచిపోతే మీరు చట్టప్రకారం లేనట్టే. వెళ్లిన వారమే చేసి, ఆ కన్ఫర్మేషన్ ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

ఇప్పుడు ఇక్కడే ఉండగా చేసుకోవాల్సిన పని ఒకటుంది, దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. బర్త్ సర్టిఫికెట్. అక్కడి ఆరోగ్య బీమా నంబరు రావాలంటే అది కావాలి, అందులో మీ పేరు, అమ్మానాన్నల పేర్లు స్పష్టంగా ఉండాలి. మనలో చాలామంది సర్టిఫికెట్లలో పుట్టినరోజు, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, బిడ్డ పేరు గడి ఖాళీ! బారసాలకు ముందే రిజిస్టరు చేసేసి ఉంటారు. ఇప్పుడే తీసి చూసుకోండి. ఖాళీగా ఉంటే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు ఎక్కించి, దానికి అపోస్టిల్ (బయటి దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) వేయించుకుని వెళ్లండి. ఫ్రెంచ్ అనువాదం కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకుల చేతే చేయించాలి. ఆ నంబరు వచ్చేదాకా డాక్టరు దగ్గరికి వెళ్తే మొత్తం మీ చేతి నుంచే కట్టి, రసీదు దాచుకోవాలి. మామూలు డాక్టరు ఫీజు 30 యూరోలు.

పేరు అన్నాను కాబట్టి ఇంకో మాట. వాళ్ల ఫారాల్లో ఇంటిపేరు ముందు, పెద్దక్షరాల్లో రాస్తారు. మనకూ ఇంటిపేరే ముందు కదా, హమ్మయ్య అనుకుంటాం. కానీ నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు, పక్కన ఇంకో పేరు, మూడూ ఒకే గడిలో ఉన్నాయి, సర్‌నేమ్ గడి ఖాళీ. దాంతో నియామకపు లెటర్లో ఒక వరస, బ్యాంకులో ఒక వరస, బీమా కాయితంలో ఇంకో వరస. ముగ్గురు మనుషులమైపోయాం. ఆ ముగ్గుర్నీ ఒకటి చేసేసరికి ఫిబ్రవరి వచ్చింది. ప్రతి కాయితం చేతికి రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఆ రోజే చెప్పండి.

బోంజూర్ గురించి తెలుసనే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. రెండో రోజు బేకరీకి వెళ్లి, దారంతా మనసులో వల్లె వేసుకున్న వాక్యం తప్పుల్లేకుండా చెప్పాను: నాకొక బాగెత్ కావాలండీ, దయచేసి. కౌంటర్లో ఆవిడ నన్ను చూసి "బోంజూర్" అంది. వినపడలేదేమో అని మళ్లీ చెప్పాను. ఆవిడ మళ్లీ, ఈసారి కాస్త నెమ్మదిగా, "బోంజూర్". నా వెనకాల నలుగురు. అప్పుడు వెలిగింది. "బోంజూర్ మదామ్" అన్నాను. రొట్టె వచ్చింది. పలకరించకుండా పని చెప్పడం అక్కడ మోటుతనం, మీరు ఎన్ని దయచేసిలు పెట్టినా సరే. బస్సు డ్రైవరుకు, డాక్టరు దగ్గర కూర్చున్న వాళ్లకు, లిఫ్టులో ఎక్కినవాళ్లకు, అందరికీ ముందు అదే.

టీచర్ల గదిలో కూడా అంతే. రోజూ లోపలికి రాగానే అందరికీ వినిపించేలా ఒక బోంజూర్. మీకోసం ఎవరూ కుర్చీ లాగి వేయరు. ఎవరి కుర్చీలో కూర్చున్నానో అని భయపడకుండా కూర్చోండి, కాఫీ డబ్బాలో మీ వాటా చిల్లర వేయండి, మీ పేరుతో ఒక గూడు ఇవ్వమని, జెరాక్స్ కోడ్ ఏమిటని, ప్రొనోట్‌లో లాగిన్ ఎవరిస్తారని అడగండి. ప్రొనోట్ అంటే టైంటేబుల్, హాజరు అన్నీ ఉండే సాఫ్ట్‌వేర్. అది లేకపోతే ఫలానా క్లాసు ఆ రోజు మ్యూజియానికి వెళ్లిందన్న సంగతి మీకు ఖాళీ గది తలుపు తీశాకే తెలుస్తుంది. తోటి టీచర్లు సాధారణంగా ఒకరినొకరు "త్యు" (నువ్వు) అనే అనుకుంటారు, మిమ్మల్నీ అలాగే అనమంటారు. ప్రిన్సిపాల్‌ను మాత్రం "వూ" (మీరు) అనండి, ఆయనే మార్చమనేదాకా.

మన వాళ్లకు ఒక గందరగోళం ఉంటుంది, అది ఇక్కడే తీర్చేస్తాను. కొలేజ్ అంటే మన కాలేజీ కాదు, హైస్కూలు మొదటి నాలుగేళ్లు. అంకెలు కూడా తిరగేసి నడుస్తాయి: సీజియెమ్ అంటే ఆరు, అదే చిన్న క్లాసు, పదకొండేళ్ల పిల్లలు. అక్కడి నుంచి ఐదు, నాలుగు, మూడు. తర్వాత లీసేలో రెండు, ఒకటి, చివరిది తెర్మినాల్. "మూడో తరగతి" అని బొమ్మలు, రైములు పట్టుకెళ్లకండి, ఎదురుగా మీసాలు వస్తున్న మగపిల్లలుంటారు.

మూడు బడులు కాబట్టి టైంటేబుల్ దగ్గర మొహమాటపడొద్దు. మొదటి వారం సాధారణంగా క్లాసులు చూడ్డమే. ఆ వారంలోనే ముగ్గురు టీచర్లకూ ఒకే మెయిల్ రాసి, ఎవరు ఏ గంటలు అనుకుంటున్నారో ముందు పెట్టండి. ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఉంటారని అనుకోవద్దు. నాకు మొదట వేసిన టైంటేబుల్ ప్రకారం మంగళవారం ఉదయం 8కి ఒక ఊళ్లో, సాయంత్రం 4కి ఇంకో ఊళ్లో క్లాసు, మధ్యలో బస్సే లేదు. చెప్తే నవ్వి మార్చేశారు. చెప్పకపోయుంటే ఏడు నెలలూ అలాగే నడిచేదాన్ని. బస్సు పాసుకు రసీదు ఉంచుకోండి, ఇంటి నుంచి పనికి వెళ్లే పాసు ఖర్చులో 75 శాతం ప్రభుత్వ ఉద్యోగులకు వెనక్కి వస్తుంది. ఫారం సెక్రటరీ దగ్గర ఉంటుంది, అది కూడా అడిగితేనే.

ఇక క్లాసు. మీరు టీచర్ కాదు, ఆ మాట మీకు మీరే రోజూ చెప్పుకోవాలి. మార్కులు వేయడం, గ్రామర్ పాఠం ముగించడం, అల్లరి పిల్లల్ని దారిలో పెట్టడం మీ పని కాదు. సాధారణంగా సగం క్లాసును, పన్నెండు పదిహేను మందిని మీ వెంట పంపుతారు. వాళ్ల చేత మాట్లాడించడమే మీ పని. ఎవరైనా హద్దు దాటితే వీ స్కొలేర్ అనే ఆఫీసు ఉంటుంది, అక్కడికి పంపాలి. టీచరు రాలేదు కాబట్టి మొత్తం 30 మందినీ చూసుకోమంటే, నవ్వుతూనే కుదరదనండి. ఆ బాధ్యత మీది కాదని వాళ్లకూ తెలుసు.

అక్కడి పిల్లలకు ఇంగ్లిష్ రాకపోవడం కాదు సమస్య, తప్పు పలుకుతామన్న భయం. అన్నింటికీ 20కి మార్కులు, తప్పుకు కోత, అలా పెరిగారు. నేను మొదటి క్లాసులో ముప్పై స్లయిడ్లతో ఇండియా గురించి పాఠం చెప్పాను. 28 రాష్ట్రాలు, ఇన్ని భాషలు, తాజ్‌మహల్. పిల్లలు చాలా మర్యాదగా నిద్రపోయారు. రెండో వారం స్లయిడ్లు మానేసి, నా పర్సు బల్ల మీద బోర్లించాను: ఒక పది రూపాయల బిళ్ల, ఒక ఆర్టీసీ టికెట్టు, పిన్నీసు, చిన్న తాళంచెవి, ఒక పెళ్లి శుభలేఖ. వీటిని బట్టి నేనెవరో, నా రోజు ఎలా ఉంటుందో మీరే చెప్పండి అన్నాను. ఆ టికెట్టు మీద మాటలు ఇరవై నిమిషాలు నడిచాయి. నేను జైలు గార్డునని ఒకడు తేల్చాడు, తాళంచెవి చూసి. అప్పటి నుంచి నాకొక లెక్క: క్లాసులో నా గొంతు ఎంత తక్కువ వినపడితే అంత మంచి క్లాసు. వెళ్లేటప్పుడు ఇలాంటి చిల్లర సామాను ఒక కవరు నిండా తీసుకెళ్లండి, బరువుండదు.

వాళ్ల ఉచ్చారణలో హ అక్షరం ఉండాల్సిన చోట ఉండదు, ఉండకూడని చోట ఊడిపడుతుంది. ఒక పాప కళ్లనిండా నీళ్లతో "ఐ యామ్ హంగ్రీ విత్ మై ఫ్రెండ్" అంటే, కాంటీన్‌కు వెళ్దామా అన్నాను. పాపం యాంగ్రీ అనాలని దాని ప్రయత్నం. "ఐ హ్యావ్ ఫోర్టీన్ ఇయర్స్" రోజూ వింటారు, వాళ్ల భాషలో వయసు "ఉంటుంది" కాబట్టి. మనం తెలుగులోంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చుకున్న తప్పులు రెండు మూడు చెప్తే నవ్వుతారు, తర్వాత వాళ్ల నోరు కూడా లేస్తుంది.

మీ యాస గురించి ఎవరో ఒకరు అంటారు. నన్ను ఒక టీచరు మొదట్లో, పిల్లలకు బ్రిటిష్ యాస అలవాటు, కాస్త అలా మాట్లాడగలవా అని అడిగింది. నాలుగు రోజులు ప్రయత్నించాను. నా గొంతే నాకు పరాయిగా వినిపించి మానేశాను. వాళ్లు మనల్ని పిలిపించుకునేది ఇంగ్లిష్ అంటే లండన్ ఒక్కటే కాదని పిల్లలకు తెలియడానికే. నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడండి చాలు. మా ఫోన్ కాల్ సెంటర్లలో, ఆస్పత్రుల్లో, విమానాల్లో మీరు రేపు వినబోయే ఇంగ్లిష్ ఇదే అని పెద్ద పిల్లలకు చెప్పాను. ఆ టీచరే తర్వాత నా గొంతు రికార్డు చేసి పరీక్షకు వాడుకుంది.

లీసే పిల్లలకు నేను చెప్పిన వాటిలో అన్నింటికంటే పండింది యానాం. నేనున్నప్పుడు పెద్ద క్లాసుల సిలబస్‌లో "ప్రాంతం, జ్ఞాపకం" అని ఒక అంశం ఉండేది. మ్యాపు గీసి, గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే ఈ చిన్న ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉండేది అంటే ఎవరూ నమ్మలేదు. చరిత్ర టీచరే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. మీ దేశం గురించి మీరు చెప్పడం మామూలు విషయం. వాళ్ల దేశం గురించి వాళ్లకు తెలియనిది మీరు ఇంగ్లిష్‌లో చెప్తుంటే వాళ్లు ప్రశ్న వేయకుండా ఉండలేరు.

మతం విషయంలో కాస్త జాగ్రత్త. ప్రభుత్వ బళ్లో పనిచేసేవాళ్లు మతచిహ్నాలతో కనిపించకూడదు, అసిస్టెంటూ ఆ లెక్కలోకే వస్తారు. దీపావళి గురించి, సంక్రాంతి గురించి పండగలుగా చెప్పొచ్చు, దీపం పెట్టి దండం పెట్టించకూడదు. నా స్టిక్కర్ బొట్టు సంగతి మొదటి రోజే ప్రిన్సిపాల్‌ను అడిగేశాను. అలంకారమేనా అన్నాడు, అవునన్నాను, అక్కడితో సరి. మీ చోట ఏమంటారో మీరే అడిగి తెలుసుకోండి. చాటుగా అనుకునేదాకా ఉండొద్దు.

తిండి గురించి ఎక్కువ చెప్పను. కాంటీన్‌లో తినండి, చవక, నలుగురితో మాటలు కలిసేదీ అక్కడే. వారానికి ఒకరోజు మాంసం, చేప లేని భోజనం పెట్టాలని చట్టం ఉంది. మిగతా రోజులు మీరు ఏది తినరో పూర్తిగా చెప్పాలి. బీఫ్ తినను అని ఊరుకున్నాను, మర్నాడు ప్రేమగా పంది మాంసం వడ్డించారు. ఆవకాయ, పొడులు తీసుకెళ్లండి. నెయ్యి, కోవా, పాలతో చేసిన స్వీట్లు, పచ్చి కరివేపాకు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాలు, మాంసం సరుకులు సామానులో తేవడం యూరప్‌లో నిషేధం, పచ్చి ఆకులకు వేరే సర్టిఫికెట్ కావాలి. ఎప్పుడైనా పారిస్ వెళ్తే గార్ దు నోర్ స్టేషను పక్కన లా షపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల కొట్లున్నాయి, కరివేపాకు అక్కడ దొరుకుతుంది. కోటు, బూట్లు కూడా ఇక్కడ కొనకండి. మన షాపుల్లోది చలికోటు కాదు, చలికోటు లాంటిది.

అన్నింటికంటే కష్టమైన సమయం మీరు అనుకునే మొదటి వారం కాదు. అప్పుడు అంతా కొత్త, రోజు తెలియకుండా పోతుంది. పని మొదలైన రెండు మూడు వారాలకే తూసాఁ సెలవులు వస్తాయి, రెండు వారాలు. అప్పుడే తెలిసినవాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోతారు. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనకూ వాళ్లకూ మూడున్నర గంటలున్న తేడా నాలుగున్నర అవుతుంది. సాయంత్రం ఐదింటికే చీకటి పడే రోజులొస్తాయి. నేను రాత్రి ఎనిమిదింటికి తీరిక చేసుకుని ఫోన్ చేసేసరికి ఇంట్లో అమ్మ పడుకుని ఉండేది. ఆదివారం బస్సు లేదు, కొట్టు లేదు, వీధిలో మనిషి లేడు. ఆ నవంబరులో రెండుసార్లు రిటర్న్ టికెట్ ధర చూశాను.

అప్పుడు నాకు పనికొచ్చినవి రెండు. ఒకటి ఊరి మెదియాతెక్, అంటే లైబ్రరీ. వెచ్చగా ఉంటుంది, మనుషులుంటారు, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. రెండోది అసోసియేషన్. 1901 నాటి చట్టం కింద ఎంత చిన్న ఊళ్లో అయినా క్లబ్బులుంటాయి: బృందగానం, కొండలెక్కడం, బ్యాడ్మింటన్, కుట్లు అల్లికలు. నేను పాడలేను, అయినా బృందగానంలో చేరాను. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు ముప్పైమంది ముసలివాళ్ల మధ్య నిలబడితే, పాట మధ్యలో ఎవరూ మీ ఫ్రెంచ్ తప్పులు పట్టరు. తోటి అసిస్టెంట్లు, స్పానిష్, జర్మన్ వాళ్లు, దగ్గరి ఊళ్లలో ఉంటారు. వాళ్లతో స్నేహం తప్పకుండా ఉండాలి, కానీ వాళ్లు మీలాగే ఏప్రిల్లో వెళ్లిపోయేవాళ్లు. ఊరివాళ్లు ఒకరిద్దరు తెలిసి ఉంటే ఆదివారం భోజనానికి పిలుపు వస్తుంది. ఆ పిలుపు వచ్చేదాకా ఊరు మనది కాదు.

సెలవుల్లో తిరగండి. జీతం సెలవులకూ వస్తుంది. 27 ఏళ్లలోపు వాళ్లకు రైళ్లలో 49 యూరోల కార్డు ఉంది, టికెట్ల మీద 30 శాతం తగ్గుతుంది. ట్యూషన్లు చెప్పమని తల్లిదండ్రులు అడుగుతారు. మీ వీసా ఈ ఉద్యోగానికి ఇచ్చింది, కాబట్టి అకాడమీని అడగకుండా ఒప్పుకోకండి.

ఇప్పుడు ఆగస్టు కాబట్టి బడికి మెయిల్ రాస్తే జవాబు రాదు, ఎవరూ ఉండరు. భయపడకండి. సెప్టెంబరు మొదటి వారంలో బడులు తెరుస్తారు, ఆ వారం చివర్లో లెటర్లో ఉన్న మూడు బడులకూ రాయండి. చిన్నగా, నాలుగు ముక్కలు: నేనెవరు, ఏ రోజు వస్తున్నాను, మొదటి రాత్రులకు అంతెర్నాలో చోటుందా, మీలో ఎవరైనా గది అద్దెకిచ్చేవాళ్లను ఎరుగుదురా. చివర మీ రైలు ఏ గంటకు స్టేషనులో ఆగుతుందో కూడా రాయండి. ఎదురు రమ్మని అడగక్కర్లేదు, గంట రాస్తే చాలు. నేను రాసినప్పుడు ఎవరూ జవాబివ్వలేదు. రాత్రి తొమ్మిది దాటాక రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ దిగితే, ఖాళీ ప్లాట్‌ఫారం చివర ఒక పెద్దావిడ అట్టముక్క పట్టుకుని నిలబడి ఉంది. దాని మీద నా పేరు, వరస తప్పు. అదే సరైన వరస అని తలూపి, ముందు బోంజూర్ అన్నాను. రాత్రి కదా, బోంసువార్ అనాలని కారులో చెప్పింది.